కొత్త రోడ్డును మళ్లీ ఎందుకు తవ్వుతారు, ఆపే రూల్స్ ఎక్కడ పనిచేస్తున్నాయి

క్లుప్తంగా

తారు వేసి నెల తిరగకముందే రోడ్డు తవ్వేస్తే జనం కాంట్రాక్టర్‌నో కార్పొరేటర్‌నో తిట్టుకుంటారు. నీళ్లు, మురుగు, కరెంటు, గ్యాస్, ఇంటర్నెట్ సంస్థలు ఒక్కోదానికి ఒక్కో చట్టం, ఒక్కో బడ్జెట్, ఒక్కో క్యాలెండర్ ఉండటం అసలు చిక్కు. ఇతర దేశాల్లో చాలా నగరాలు కొత్త రోడ్డును అయిదేళ్ల దాకా ముట్టుకోవద్దని రూల్ పెట్టుకున్నాయి, మన నగరాలు కూడా ముక్కలు ముక్కలుగా అలాంటి ప్రయత్నాలు చేస్తున్నాయి. వాటిని పక్కపక్కన పెట్టి చూస్తే, రోడ్డు వేశాక పెట్టే నిషేధం కన్నా వేయకముందు ఇచ్చే నోటీసే ఎక్కువ పని చేస్తుందని కనపడుతుంది.

ఒక కాలనీ రోడ్డు, మూడు వారాలు

ఏ ఊళ్లోనైనా కనిపించే వరసే ఇది. రాత్రిపూట పాత తారును గీరేసి, శుభ్రం చేసి, పల్చగా తారు చల్లి, దాని మీద వేడి వేడి తారు కంకర పరిచి రోలర్ నడుపుతారు. రెండు రోజుల పాటు కాలనీ అంతా కొత్త తారు వాసన, పిల్లలు సైకిళ్లు తీస్తారు. మూడో వారంలో ఒక ఇంటి ముందుకు కటింగ్ మిషన్ వస్తుంది. రోడ్డుకు అడ్డంగా రెండు గీతలు కోసి, మధ్యలో బ్రేకర్‌తో పగలగొట్టి, అడుగున్నర వెడల్పున తవ్వి, నీళ్ల పైపు వేసి, తీసిన మట్టినే మళ్లీ అందులోకి తోసేస్తారు. పైన కాస్త కుప్పగా వదిలేస్తారు, బండ్లు తిరిగితే అదే అణుగుతుందని. అణుగుతుంది కూడా. మొదటి వానకు ఇంకాస్త అణిగి రోడ్డు మట్టం కన్నా కిందికి దిగుతుంది, అక్కడ నీళ్లు నిలుస్తాయి, రాత్రిపూట స్కూటర్ మీద వచ్చే మనిషికి నీళ్లు కనపడతాయి గానీ లోతు తెలియదు.

ఇందులో పైపు వేయించుకున్న ఇంటివాళ్ల తప్పేమీ లేదు. దరఖాస్తు పెట్టారు, రోడ్డు కటింగ్ చార్జీలతో కలిపి డబ్బు కట్టారు, వాళ్ల వంతు ఆ వారం వచ్చింది. తారు వేసినవాళ్ల వంతు మూడు వారాల ముందే వచ్చి వెళ్లిపోయింది. ఈ రెండు ఫైళ్లూ ఒకే టేబుల్ మీదికి ఎప్పుడూ రాలేదు.

తవ్విన చోట కింద ఏం జరుగుతుంది

రోడ్డు అంటే పైన కనిపించే నల్లటి పొర ఒక్కటే అనుకుంటే, తవ్వి పైన మళ్లీ తారు పూస్తే సరిపోవాలి కదా అనిపిస్తుంది. కానీ బరువు మోసేది కింది పొరలు. అడుగున గట్టిగా దిమ్మిస చేసిన నేల, దాని మీద గ్రావెల్, దాని మీద తడిపి రోలింగ్ చేసిన కంకర, ఆ పైన తారు పొరలు. లారీ చక్రం కింద పడే బరువు ఈ పొరల్లోంచి కిందికి వెళ్తూ పక్కలకు పరుచుకుంటుంది, అలా పరుచుకునేసరికి నేల మీద పడే ఒత్తిడి తగ్గుతుంది. పొరలన్నీ ఒకదాన్నొకటి పక్కల నుంచి కూడా నొక్కిపట్టి ఉంటేనే ఇది సాధ్యం.

మధ్యలో కాలువలా తవ్వగానే ఆ పక్క ఆసరా పోతుంది. గుంత గోడలు కొద్దిగా లోపలికి జరుగుతాయి, గోడ వెనకున్న మట్టి వదులవుతుంది, పైకి మాత్రం తారు చెక్కుచెదరనట్టే ఉంటుంది. తర్వాత పూడ్చేటప్పుడు రెండో సమస్య మొదలవుతుంది. అడుగున్నర వెడల్పు గుంతలోకి పది టన్నుల రోలర్ దిగదు. అర అడుగు, ముప్పావు అడుగు మందంలో ఒక్కో పొర వేసుకుంటూ, సరిపడా తడుపుతూ, చేత్తో నడిపే చిన్న కంపాక్టర్‌తో గట్టిపరుస్తూ పైకి రావాలి. నాలుగడుగుల లోతు గుంతకు కనీసం అయిదారు సార్లు ఈ పని చేయాలి. ఒక్క జేసీబీ బకెట్‌తో మొత్తం మట్టి తోసేస్తే పైన ఎంత మంచి తారు వేసినా అది కొన్నాళ్లకు దిగబడటం ఖాయం. మూడోది నీళ్లు. పాత తారుకీ కొత్త తారుకీ మధ్య అతుకు ఎంత బాగా వేసినా అది అతుకే, దాంట్లోంచి వాన నీళ్లు కిందికి దిగి ఆ వదులు మట్టిని ఇంకా మెత్తగా చేస్తాయి.

ఇదంతా కొలిచి చూసినవాళ్లు ఉన్నారు. అమెరికాలోని సిన్సినాటిలో 1990లలో చేసిన పరిశోధనలో గుంత అంచు దాటి దాదాపు 3 అడుగుల దాకా రోడ్డు బలహీనపడుతున్నట్టు తేలింది. శాన్ ఫ్రాన్సిస్కో నగరం 1998లో తన వీధుల లెక్క తీసింది. మూడు కన్నా తక్కువ చోట్ల తవ్విన వీధికి సుమారు 26 ఏళ్లకు మళ్లీ తారు వేయాల్సి వస్తే, మూడు నుంచి తొమ్మిది చోట్ల తవ్విన వీధికి 18 ఏళ్లకే, అంతకన్నా ఎక్కువ చోట్ల తవ్విన వీధికి 13 ఏళ్లకే వేయాల్సి వచ్చేది. అంటే రోడ్డు ఆయుష్షు సగానికి సగం పోయినట్టు. మన వానలకీ మన బండ్ల బరువుకీ ఈ అంకెలు యథాతథంగా వర్తించవు, దెబ్బ తగిలే తీరు మాత్రం అదే.

తవ్వే హక్కు ఎవరెవరికి ఉంది

హైదరాబాద్‌నే తీసుకుందాం. వీధి కార్పొరేషన్‌ది, దాన్ని తవ్వాలంటే కమిషనర్ అనుమతి కావాలి. కానీ వీధి కింద ఉన్న నీళ్ల పైపూ, మురుగు పైపూ వాటర్ బోర్డువి, అది 1989 నాటి సొంత చట్టంతో నడిచే వేరే సంస్థ. కరెంటు పంపిణీ సంస్థకు వీధులు తవ్వే అధికారం 2003 విద్యుత్ చట్టంలోని 67వ సెక్షన్ నుంచి వస్తుంది. ఇంటి వంటగదికి పైపు గ్యాస్ ఇచ్చే కంపెనీలకు కేంద్ర నియంత్రణ బోర్డు లైసెన్సు ఇస్తూ, ఇన్నేళ్లలో ఇన్ని కనెక్షన్లు, ఇన్ని కిలోమీటర్ల పైపు అని లక్ష్యాలు కూడా పెడుతుంది. హైదరాబాద్, విజయవాడల్లో ఈ పని చేస్తున్న భాగ్యనగర్ గ్యాస్ లాంటి సంస్థలకు వీధి దొరకడం ఆలస్యమైతే లక్ష్యం తప్పుతుంది.

టెలికాం సంగతి ఇంకొంచెం భిన్నం. 2016లో కేంద్రం తెచ్చిన రైట్ ఆఫ్ వే (వీధుల్లో టెలికాం లైన్లు వేసుకునే హక్కు) నిబంధనల ప్రకారం దరఖాస్తు మీద 60 రోజుల్లో స్థానిక సంస్థ ఏమీ తేల్చకపోతే అనుమతి ఇచ్చినట్టే లెక్క. కాదనాలంటే కారణం రాతపూర్వకంగా చెప్పాలి. ఆ తర్వాత 2023 టెలికాం చట్టం కింద చేసిన కొత్త నిబంధనలు 2025 జనవరి 1 నుంచి అమల్లోకి వచ్చాయి. వీటి ఉద్దేశం నెట్‌వర్క్ త్వరగా పాకాలన్నది, మునిసిపాలిటీ ఉద్దేశం తారు ఎక్కువ కాలం నిలవాలన్నది. రెండూ న్యాయమైనవే, అక్కడే ఇబ్బంది. మునిసిపాలిటీ ఒక తీర్మానం చేసి "కొత్త రోడ్లు తవ్వరాదు" అన్నంత మాత్రాన పై చట్టాల కింద వచ్చిన హక్కులు మాయం కావు, అందుకే ఆ తీర్మానాలు చాలాసార్లు సడలింపులతో ముగుస్తాయి.

ఇక భూమి కింద ఏది ఎక్కడుందో చెప్పే పక్కా మ్యాపు చాలా వీధులకు లేదు. ఒకరి పైపు కోసం తవ్వితే ఇంకొకరి కేబుల్ తెగుతుంది, ఆ కేబుల్ అతికించడానికి ఇంకో గుంత. దేశంలో ఏటా దాదాపు 10 లక్షల సార్లు ఫైబర్ కేబుళ్లు ఇలా తెగుతున్నాయని, నష్టం 3,000 కోట్ల రూపాయల దాకా ఉంటుందని కేంద్రమే అంచనా వేసింది. అందుకే 2023 మార్చి 22న "కాల్ బిఫోర్ యూ డిగ్" యాప్‌ను ప్రధాని ప్రారంభించారు. తవ్వబోయే సంస్థ అందులో చోటు చెప్తే, అక్కడ ఎవరెవరి లైన్లు ఉన్నాయో వాళ్లకు సమాచారం వెళ్తుంది. కేబుళ్లు కాపాడటానికి వచ్చిన యాప్ ఇది, రోడ్డును కాపాడటానికి కాదు. అయినా ఎవరు ఎప్పుడు తవ్వబోతున్నారో ఒకచోట నమోదయ్యే ఏర్పాటు మన దేశంలో దేశవ్యాప్తంగా వచ్చింది దీనితోనే.

వానల్లేని నెలలు కొన్నే, పనులన్నీ వాటిలోనే

వాన కురుస్తుంటే తారు వేయలేరు, వేసినా నిలవదు. అందుకని రోడ్డు పనులన్నీ నవంబరు నుంచి మే మధ్య జరుగుతాయి. హైదరాబాద్‌లో జూన్ రాగానే వానాకాలం అయ్యేదాకా రోడ్డు కటింగ్‌లు ఆపేస్తారు, తప్పనిసరి రిపేర్లు తప్ప. చెన్నైకి పెద్ద వానలు ఈశాన్య రుతుపవనాలతో వస్తాయి కాబట్టి అక్కడ ఆ నిలుపుదల సెప్టెంబరు చివర్లో, అక్టోబరులో మొదలవుతుంది. ఇది మంచి రూలే, వానలో తెరిచి ఉన్న గుంత ప్రాణాంతకం.

కానీ దీని వల్ల జరిగేదేమిటంటే, నాలుగైదు నెలలు ఆగిపోయిన దరఖాస్తులన్నీ వానలు తగ్గగానే ఒక్కసారిగా కదులుతాయి. సరిగ్గా అప్పుడే వానకు దెబ్బతిన్న రోడ్లకు తారు వేసే పనీ మొదలవుతుంది. జనవరి దాటాక మార్చి నెలాఖరు టెన్షన్ తోడవుతుంది, మంజూరైన డబ్బు ఆర్థిక సంవత్సరం లోపల ఖర్చు పెట్టాలి, రోడ్ల విభాగానికీ అంతే, పైపుల విభాగానికీ అంతే. ఎన్నికలు దగ్గర్లో ఉంటే చెప్పనక్కర్లేదు. అందరికీ పనికొచ్చేవి ఆ కొద్ది నెలలే, అందులో ముందు ఎవరు దిగాలో నిర్ణయించేవాళ్లు లేకపోతే, ముందు టెండరు పూర్తయినవాళ్లు ముందు దిగుతారు. తారు టెండరు ముందు పూర్తయితే రోడ్డు బలి.

హైదరాబాద్ చేసిన ప్రయోగం

2019 చివర్లో మొదలైన సమగ్ర రోడ్డు నిర్వహణ పథకం, అందరూ పిలిచే పేరు సీఆర్‌ఎంపీ, ఈ సమస్యను ఒక కొత్త వైపు నుంచి పట్టుకుంది. నగరంలోని 709 కిలోమీటర్ల ప్రధాన రహదారులను సుమారు 1,800 కోట్ల రూపాయలతో అయిదేళ్ల పాటు ప్రైవేటు ఏజెన్సీలకు అప్పగించారు. తారు వేయడంతో వాళ్ల పని అయిపోదు, అయిదేళ్లూ గుంతలు పూడ్చడం, ఊడ్చడం, చూసుకోవడం వాళ్లదే. ఆ రోడ్లను ఎవరు తవ్వినా మళ్లీ పూడ్చి బాగు చేసే బాధ్యత కూడా ఆ ఏజెన్సీకే పెట్టారు.

ఇందులో ముఖ్యమైన మార్పు బాధ్యత ఒకరి మీద నిలవడం. మామూలు కాంట్రాక్టులో రోడ్డు వేసినవాడికి కొంత కాలం దాకా లోపాల బాధ్యత ఉంటుంది, గుంత పడితే వాడే బాగు చేయాలి. మధ్యలో వేరే సంస్థ వచ్చి తవ్విందంటే కాంట్రాక్టర్ చేతులు దులుపుకుంటాడు, "తవ్వినవాళ్లను అడగండి" అంటాడు. తవ్వినవాళ్లు "మేం పునరుద్ధరణ చార్జీలు కట్టేశాం, కార్పొరేషన్‌ను అడగండి" అంటారు. కార్పొరేషన్ ఖాతాలో ఆ డబ్బు పడుతుంది, కానీ అది ఆ గుంత దగ్గరికే తిరిగి రావాలని లేదు. ఒక్క గుంతకు ముగ్గురు, ఎవరి మాటా తప్పు కాదు, గుంత మాత్రం అలాగే ఉంటుంది. సీఆర్‌ఎంపీ ఈ గొలుసును తెంపింది, ఎవరు తవ్వినా ఫోన్ చేయాల్సింది ఒక్కరికే.

అయితే జీహెచ్‌ఎంసీ పరిధిలో రోడ్ల మొత్తం పొడవు 9,000 కిలోమీటర్లకు పైనే ఉండేది. అందులో 709 అంటే నూటికి ఎనిమిది కూడా లేవు. పాత డాబా ఇల్లు కూల్చి అయిదంతస్తుల అపార్ట్‌మెంట్ కట్టేది, కొత్త నీళ్ల కనెక్షన్, పెద్ద మురుగు పైపు, కొత్త కరెంటు కేబుల్ కావలసి వచ్చేది ఎక్కువగా మిగతా 92 శాతంలోనే, అంటే కాలనీల్లో, గల్లీల్లో. అక్కడ పాత పద్ధతే నడిచింది.

మిగతా నగరాలు ఏం చేశాయి

అయిదేళ్ల నిషేధానికి బాగా తెలిసిన ఉదాహరణలు అమెరికాలో ఉన్నాయి. శాన్ ఫ్రాన్సిస్కోలో కొత్తగా తారు వేసిన వీధిని అయిదేళ్లు తవ్వకూడదు. న్యూయార్క్‌లో అలాంటి వీధికి "రక్షిత వీధి" అనే హోదా ఇస్తారు, అదీ అయిదేళ్లే. అత్యవసరమైతే తవ్వొచ్చు, కానీ అందుకు ప్రత్యేక అనుమతి, గట్టి పునరుద్ధరణ షరతులు ఉంటాయి. శాన్ ఫ్రాన్సిస్కో ఇంకో పని చేసింది: పైపులు, కేబుళ్ల సంస్థలు రాబోయే అయిదేళ్లలో ఎక్కడెక్కడ తవ్వుతాయో నగరానికి ముందే ప్రణాళిక ఇవ్వాలి. నిషేధం అయిదేళ్లు, ప్రణాళిక అయిదేళ్లు, రెండూ ఒకదానికొకటి సరిపోయేలా కట్టారు.

బ్రిటన్ చట్టం ఈ విషయంలో ఇంకా స్పష్టంగా ఉంటుంది. 1991లో వచ్చిన రోడ్లు, వీధి పనుల చట్టంలో 58వ సెక్షన్ ప్రకారం, పెద్ద రోడ్డు పని మొదలుపెట్టడానికి కనీసం మూడు నెలల ముందు అధికారులు నోటీసు ప్రచురించాలి: మేం ఈ వీధి బాగు చేయబోతున్నాం, మీ పైపులేమైనా ఉంటే ఇప్పుడే వేసుకోండి, తర్వాత ఫలానా కాలం దాకా తవ్వనివ్వం. ఆ నోటీసు ఇవ్వకపోతే నిషేధం పెట్టే అధికారమే రాదు. మొదట్లో నిషేధం 12 నెలలకు మించకూడదని ఉండేది, తర్వాత చేసిన మార్పులతో పనిని బట్టి అయిదేళ్ల దాకా పెట్టే వీలు వచ్చింది. అత్యవసర పనికి మినహాయింపు ఉంది, మిగతావాటికి అధికారుల సమ్మతి కావాలి. రూల్ దాటి తవ్విన సంస్థ రోడ్డు బాగు చేసే ఖర్చు భరించాలి. తవ్వి పూడ్చిన చోటుకు మామూలుగా రెండేళ్ల గ్యారంటీ ఇవ్వాలి, లోతైన గుంతకైతే మూడేళ్లు.

లండన్ 2012లో ఇంకో దారి పట్టింది. రద్దీ రోడ్డు మీద రద్దీ వేళల్లో తవ్వితే రోజుకు 2,500 పౌండ్ల దాకా అద్దె కట్టాలి. ఇక్కడ డబ్బు గుంత సైజుకు కాదు, రోడ్డును ఆక్రమించిన సమయానికి. రాత్రిపూట చేసుకుంటే అద్దె తప్పుతుంది, ముగ్గురు కలిసి ఒకేసారి తవ్వుకుంటే ఖర్చు పంచుకోవచ్చు.

మన దేశంలో బెంగళూరు ఒక ఆన్‌లైన్ వ్యవస్థ పెట్టి, తవ్వాలనుకునే సంస్థలన్నీ అందులోనే దరఖాస్తు చేయాలంది. అదే నగరం టెండర్‌ష్యూర్ పేరుతో రెసిడెన్సీ రోడ్డు, సెయింట్ మార్క్స్ రోడ్డు లాంటి కొన్ని వీధుల్లో ఫుట్‌పాత్ కింద డక్టులు, అంటే కేబుళ్లు లాగడానికి ఖాళీ గొట్టాలు, కట్టి, కేబుళ్లన్నీ అందులోకి దించింది. ఆ వీధుల్లో కొత్త కేబుల్ కావాలంటే మూత తీసి లాగడమే. ఖర్చు ఎక్కువైంది, విమర్శలూ వచ్చాయి, కానీ తవ్వకాల సమస్యకు మూలంలో ఇచ్చిన జవాబు అది. ముంబైలో వందల కిలోమీటర్ల రోడ్లను సిమెంటు కాంక్రీటుగా మార్చే పని పెద్దఎత్తున సాగుతోంది, కొత్తగా వేసిన కాంక్రీటు రోడ్లను తవ్వడానికి ఇక అనుమతించబోమని అక్కడి కార్పొరేషన్ 2025లో ప్రకటించింది. కాంక్రీటు రోడ్డు విషయంలో ఈ పట్టుదల అర్థం చేసుకోదగ్గదే. తారుకు అతుకు వేస్తే కొంతవరకైనా కలుస్తుంది, కాంక్రీటు పలక ఒకసారి కోస్తే మళ్లీ ఒకే పలక అవ్వదు.

చార్జీ గుంతకు, నష్టం వీధికి

రోడ్డు కటింగ్ చార్జీలు సాధారణంగా తవ్విన కొలతను బట్టి వేస్తారు. చిన్న లెక్క చూద్దాం. అర మీటరు వెడల్పు, మూడు మీటర్ల పొడవు తవ్వితే విస్తీర్ణం ఒకటిన్నర చదరపు మీటర్లు. సిన్సినాటి లెక్కన రెండు వైపులా మూడేసి అడుగులు, అంటే 0.9 మీటరు చొప్పున బలహీనపడితే, దెబ్బతిన్న చోటు వెడల్పు 2.3 మీటర్లు, విస్తీర్ణం 6.9 చదరపు మీటర్లు. చార్జీ కట్టింది ఒకటిన్నరకు, దెబ్బతిన్నది దానికి నాలుగున్నర రెట్లు. ఆ తేడా ఎవరి పద్దులోనూ రాసి ఉండదు, అయిదారేళ్ల తర్వాత ఆ వీధికి ముందుగానే తారు వేయాల్సి వచ్చినప్పుడు ఆస్తి పన్ను కట్టే అందరి మీదా పడుతుంది.

ఈ తేడాను సరిచేయడానికి రెండు పద్ధతులు వాడుకలో ఉన్నాయి. ఒకటి, గుంత ఎంతున్నా తారు మాత్రం రెండు వైపులా అదనంగా కోసి వెడల్పుగా వేయించడం. అలా చేస్తే అతుకు, గుంత అంచు ఒకే గీత మీద పడవు, వదులైన మట్టి మీద కొత్తగా గట్టి పొర వస్తుంది. రెండోది, రోడ్డు వయసును బట్టి చార్జీ మార్చడం: నిన్న వేసిన రోడ్డు తవ్వితే ఎక్కువ, పదేళ్ల రోడ్డు తవ్వితే తక్కువ. రెండో పద్ధతిలో ఒక మంచి గుణం ఉంది, తవ్వే సంస్థ తనంతట తానే రోడ్డు వేయబోయే తేదీ కనుక్కుంటుంది, ఎందుకంటే ముందు తవ్వితే తక్కువలో పోతుంది.

తవ్వకుండానే, లేదా ఒక్కసారే తవ్వి

తెలుగు రాష్ట్రాలు రెండూ ఫైబర్ విషయంలో చెరో దారి పట్టాయి, రెండూ చెప్పుకోదగ్గవే. తెలంగాణలో మిషన్ భగీరథ మంచినీటి పైపుల కోసం ఊరూరా కాలువలు తవ్వుతున్నప్పుడే, అదే కాలువలో రాష్ట్ర ప్రభుత్వ ఇంటర్నెట్ పథకం టీ ఫైబర్ కోసం డక్టు కూడా వేశారు. ఒక్క తవ్వకం, రెండు పనులు. ఆంధ్రప్రదేశ్ ఫైబర్‌నెట్ అసలు నేల జోలికే పోకుండా దాదాపు 24,000 కిలోమీటర్ల కేబుల్‌ను కరెంటు స్తంభాల మీద నుంచి లాగింది. తక్కువ ఖర్చు, త్వరగా అయింది, కానీ పెనుగాలి వస్తే స్తంభంతో పాటు కేబులూ పోతుంది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖను కుదిపేసినప్పుడు నగరం రోజుల తరబడి చీకట్లో ఉండిపోయింది, ఆ తర్వాతే ప్రపంచ బ్యాంకు రుణంతో అక్కడ కరెంటు తీగలను భూమి కిందికి మార్చే పని చేపట్టారు. తుపాను నగరానికి భూగర్భ కేబుల్ అవసరమే, దానికోసం వీధులు తవ్వక తప్పదు. ఇలాంటి తవ్వకాన్ని నిషేధించడం ఎవరికీ మేలు చేయదు, ఎప్పుడన్నదే ప్రశ్న.

రోడ్డుకు అడ్డంగా వెళ్లాల్సి వచ్చినప్పుడు ఒక పక్క గుంత తీసి, డ్రిల్లింగ్ మిషన్‌తో రోడ్డు కింద నుంచే అవతలి పక్కకు పైపు లాగే పద్ధతి ఇప్పుడు మామూలైపోయింది. తారు చెక్కు చెదరదు. కింద ఏముందో తెలియకుండా చేస్తే మాత్రం మంచినీటి లైనో గ్యాస్ లైనో పగిలే ప్రమాదం ఉంది, మళ్లీ మ్యాపు దగ్గరికే వస్తాం. మురుగు పైపుకు ఇది అంత సులువు కాదు, నీరు వాలుకు పారాలి కాబట్టి వాలు తప్పకుండా వేయాలి.

గల్లీల్లో సీసీ రోడ్డు వేసేటప్పుడు చేయగలిగిన చాలా చవకైన పని ఒకటుంది. కాంక్రీటు పోయకముందే ప్రతి ఇంటి ముందు, ఖాళీ ప్లాటు ముందు కూడా, రోడ్డుకు అడ్డంగా ఒక ఖాళీ పీవీసీ పైపు పెట్టి రెండు చివర్లూ మూసేయడం. రేపు ఎవరికి నీళ్ల కనెక్షన్ కావాలన్నా, కేబుల్ కావాలన్నా దాంట్లోంచి లాగుతారు. ఆ పైపు ఖర్చు కాంక్రీటు ఖర్చులో ఒక మూలకు రాదు. ఖాళీ ప్లాటును వదిలేయడమే ఎక్కువగా జరిగే పొరపాటు, అక్కడ ఇల్లు కట్టే రోజు వచ్చేసరికి కాంక్రీటు గట్టిపడి ఉంటుంది.

నిషేధం పెడితే ఎవరికి కష్టం

అయిదేళ్ల నిషేధం వినడానికి బాగుంటుంది, ఆచరణలో మొదట తగిలేది సామాన్యుడికే. పెద్ద సంస్థ లాయర్‌ను పెట్టుకుంటుంది, కేంద్ర నిబంధన చూపిస్తుంది, డ్రిల్లింగ్ మిషన్ తెచ్చుకుంటుంది. కొత్త రోడ్డు మీద ఇల్లు కట్టుకున్న మనిషికి మాత్రం నల్లా కనెక్షన్ ఆగుతుంది. ఆగలేక ఆదివారం రాత్రి నలుగురు కూలీలను పెట్టి తవ్వించుకుంటే, ఏ కొలతా లేకుండా, ఏ కంపాక్టరూ లేకుండా పూడ్చేస్తారు, రోడ్డుకు అన్నిటికన్నా ఎక్కువ దెబ్బ అదే. అందుకే తాగునీరు, మురుగు, లీకేజీలకు మినహాయింపు ఉండాలి. ఆ మినహాయింపుకు గడువు, పూడ్చే పద్ధతి, గ్యారంటీ రాసి ఉండాలి.

రెండో వైపు, అత్యవసరం అనే మాట సాగదీస్తే రబ్బరులా సాగుతుంది. పైపు పగిలి నీళ్లు రోడ్డు మీద పారుతుంటే అది అత్యవసరం. ఆర్నెల్ల కింద మంజూరైన లైను వేయడం అత్యవసరం కాదు. ఈ రెంటినీ విడదీసే గీత స్థానిక రూల్‌లో రాసి లేకపోతే సైటు దగ్గరున్న ఇంజనీరు మీద భారం పడుతుంది, ఒత్తిడి వచ్చినప్పుడు ఆయన కాదనలేడు.

కాలనీ సంఘాలు అడగగలిగినవి కొన్ని ఉన్నాయి. తవ్వే చోట అనుమతి నంబరు, సంస్థ పేరు, ఎప్పటికి పూడుస్తారన్నది బోర్డు మీద ఉందా? పూడ్చేటప్పుడు పొరలు పొరలుగా గట్టిపరుస్తున్నారా, ఒకేసారి తోసేస్తున్నారా? ఇది చూడటానికి ఇంజనీరింగ్ చదవక్కర్లేదు, పక్కన పది నిమిషాలు నిలబడితే తెలుస్తుంది. అన్నిటికన్నా ముందు, తమ వీధికి రోడ్డు మంజూరైందని తెలిసిన రోజే, కనెక్షన్లు కావలసినవాళ్లంతా కలిసి ఒకే దరఖాస్తు పెట్టుకోవడం. రోడ్డు వచ్చాక పదిమంది పది సార్లు తవ్వించే బదులు, రాకముందు ఒక్కసారి తవ్విస్తే ఖర్చు కూడా తగ్గుతుంది.

ఇప్పుడు దీని మీద దృష్టి ఎందుకు

2025 ఆగస్టులో హైదరాబాద్ రామంతాపూర్‌లో రథం ఊరేగింపులో కరెంటు తగిలి ప్రాణాలు పోయాక, స్తంభాల మీద వేలాడే కేబుళ్లను తొలగించే పని ఊపందుకుంది. నగరంలో కరెంటు తీగలను భూమి కిందికి మార్చాలన్న ప్రణాళికను ప్రభుత్వం ముందుకు తెచ్చింది. మనుషుల ప్రాణాల కోసం చేయాల్సిన పనే అది. అది మొదలైతే ఎన్నో ఏళ్లుగా లేనంత తవ్వకం నగరం మొత్తం మీద జరుగుతుంది, అందులో డ్రిల్లింగ్‌తో అయ్యేది కొంత, కాలువ తవ్వక తప్పనిది కొంత. ఇంటర్నెట్ కేబుళ్లకు కూడా డక్టులు అదే కాలువలో వేయకపోతే, వాళ్లు వెనకాలే ఇంకోసారి తవ్వుతారు.

ఇదే సమయంలో ప్రధాన రోడ్ల నిర్వహణకు కొత్త కాంట్రాక్టులు, కాలనీల్లో సీసీ రోడ్లు ఎప్పటిలాగే ఉంటాయి. కాబట్టి కేబుళ్లు దిగబోయే వీధుల జాబితా, తారు పడబోయే వీధుల జాబితా, వాటర్ బోర్డు పైపులు మార్చబోయే వీధుల జాబితా, ఈ మూడూ వార్డుల వారీగా ఒకే చోట జనానికి కనపడేలా పెట్టాలి. పైపు వేసి, కేబుల్ దించి, మట్టి ఒక వానాకాలం పాటు కుదురుకున్నాక తారు వేస్తే ఆ రోడ్డుకు నిషేధం పెట్టినా ఎవరికీ ఇబ్బంది ఉండదు. ఒక ఏడాది గతుకుల రోడ్డు మీద తిరగాల్సి వస్తుందని ఆ వార్డు జనానికి ముందే చెప్పాలి, ఎందుకో కూడా చెప్పాలి.